పాప స్పెల్లింగ్ పోటీలో 'నేషనల్ ఫైనల్'కి సెలెక్ట్ అయ్యింది. పంపాలా, వద్దా?

మలక్‌పేట_అమ్మ | శుక్రవారం రాత్రి 10:12

అందరికీ నమస్కారం. మా పాప ఏడో తరగతి, ఇక్కడే ఒక ప్రైవేట్ స్కూల్. ఆగస్టులో స్కూల్లోనే స్పెల్లింగ్ పోటీ పెట్టారు. ఫీజు 150. గట్టెక్కింది. తర్వాత 'స్టేట్ లెవెల్' అని ఉప్పల్ వైపు ఇంకో స్కూల్లో పెట్టారు, దానికి 900. అదీ అయ్యింది. ఇప్పుడు 'నేషనల్ ఫైనల్'కి వేరే రాష్ట్రం వెళ్లాలట. ఫీజు, పుస్తకాల కిట్, రెండు రాత్రుల బస అన్నీ కలిపి 18,500. తోడు వెళ్లే పెద్దవాళ్లకి ఇంకో 9,000. రైలు చార్జీలు మనవే. సోమవారంలోపు కట్టకపోతే సీటు వేరేవాళ్లకి పోతుందని మెసేజ్ మీద మెసేజ్.

మా ఆయన "కట్టేద్దాం, పిల్ల సరదా పడుతోంది" అంటారు. మా అత్తగారు "అక్షరాలు వరసగా చెప్పడానికి పద్దెనిమిది వేలా, మా కాలంలో పంతులుగారు బెత్తంతో ఊరికే నేర్పేవారు" అంటారు. పాప మాత్రం బట్టలు సర్దేసుకుంది. మీలో ఎవరి పిల్లలైనా ఇలాంటి వాటికి వెళ్లారా?

సగటు_జీవి | రాత్రి 10:31

స్టేట్ లెవెల్లో ఎంతమంది రాశారు, ఎంతమంది సెలెక్ట్ అయ్యారు, అది అడిగారా అండీ? రాసినవాళ్లలో సగం మంది ఫైనల్‌కి వెళ్తుంటే అది పోటీ కాదు, టూర్ ప్యాకేజీ.

మావాడు అబాకస్, హ్యాండ్‌రైటింగ్, జీకే అన్నిట్లోనూ 'నేషనల్ ర్యాంకర్' లెండి. ఇంట్లో కప్పులు ఎక్కువైపోయి ఒకదాంట్లో మా ఆవిడ పెన్నులు, ఇంకోదాంట్లో కూరగాయల సంచుల రబ్బరు బ్యాండ్లు వేస్తోంది.

నల్గొండ_పోరడు | రాత్రి 10:40

అన్నా గట్ల కొట్టిపడేయకు. 2024ల అమెరికా స్పెల్లింగ్ బీ గెలిచిన బృహత్ సోమ వాళ్ల నాయన మా నల్గొండోల్లే. 90 సెకండ్లల 29 మాటలు కరెక్టుగ చెప్పిండు పిల్లగాడు. నేను నా పేరు, ఇంటి పేరు, ఊరు పేరు స్పెల్లింగ్ చెప్పేసరికే 90 సెకండ్లయితయ్. పంపు అక్కా, పైసలు మల్ల వస్తయ్.

డల్లాస్_బావ | రాత్రి 11:05

తమ్ముడూ, రెంటికీ ముడి పెట్టకు. మా అబ్బాయి ఇక్కడ మూడేళ్లు ఆడాడు కాబట్టి కాస్త వివరంగా చెప్తాను.

నువ్వు చెప్పేది స్క్రిప్స్ నేషనల్ స్పెల్లింగ్ బీ. 1925లో కెంటకీ రాష్ట్రంలోని లూయీవిల్‌లో ఒక దినపత్రిక చొరవతో మొదలైంది. ఆ ఏడు ఫైనల్లో తొమ్మిది మంది పిల్లలే. ఫ్రాంక్ న్యూహౌసర్ అనే పదకొండేళ్ల కుర్రాడు గెలిచాడు. ఆఖరి మాట 'గ్లాడియోలస్', మన గుడిమల్కాపూర్ మార్కెట్లో కట్టలు కట్టలుగా అమ్ముతారే, ఆ పువ్వు. బహుమతి 500 డాలర్ల బంగారు నాణేలు. ఇప్పుడు 50,000 డాలర్లు. యుద్ధంవల్ల 1943 నుంచి 45 వరకు, కోవిడ్‌వల్ల 2020లో జరగలేదు. మిగతా ఏళ్లన్నీ జరిగింది.

అందులో తల్లిదండ్రులు ఫైనల్ సీటు కొనుక్కోరు. బడి, ఆ తర్వాత ప్రాంతీయ పోటీ, అక్కడ గెలిస్తే జాతీయ పోటీ. 8వ తరగతి దాటినవాళ్లకి ప్రవేశం లేదు. ఆఖరికి మిగిలేది రెండొందల చిల్లర మంది. వేదిక మీద నిలబడి నోటితో చెప్పాలి. ఒక్క తప్పుకి గంట మోగుతుంది, అంతే.

మనవాళ్ల పేరు మొదట మోగింది 1985లో, బాలు నటరాజన్ గెలిచినప్పుడు. ఆఖరి మాట 'మిల్యూ'. 1989లో మొదలైన నార్త్ సౌత్ ఫౌండేషన్ అని ఒకటుంది. ఇండియాలో పేద విద్యార్థులకి స్కాలర్‌షిప్‌లిస్తూ, ఇక్కడి మన పిల్లలకి ఊరూరా ఇలాంటి పోటీలు పెడుతుంది. అంటే పెద్ద వేదిక ఎక్కేలోపు మన పిల్లలు చిన్న వేదికలు పది ఎక్కి దిగి ఉంటారు. 2019లో నిర్వాహకుల దగ్గర కఠినమైన మాటలు అయిపోయి ఎనిమిది మందిని కలిపి విజేతలుగా ప్రకటించారు, అందులో ఏడుగురు మనవాళ్లే. ఏదో మెదడులో ప్రత్యేకత అనుకుంటారు బయట. శనివారం పొద్దున్నే లేపి కారెక్కించే తల్లిదండ్రులు, అంతే.

మలక్‌పేట_అమ్మ | రాత్రి 11:20

వివరంగా చెప్పారు అన్నయ్యా. ఇక్కడ మాత్రం రెండు రౌండ్లూ పేపర్ మీదే. నాలుగు స్పెల్లింగులు ఇచ్చి సరైనదానికి గుండ్రం చుట్టమన్నారు. నోటితో చెప్పింది ఏమీ లేదు.

సగటు_జీవి | రాత్రి 11:22

అది స్పెల్లింగ్ కాదండీ, గుర్తింపు పరేడు.

తార్నాక_మాస్టారు | శనివారం ఉదయం 6:15

అమ్మా, నేను ముప్పై రెండేళ్లు జిల్లా పరిషత్ హైస్కూళ్లలో ఇంగ్లీషు చెప్పాను. మధ్యలో తార్నాకలో, అప్పట్లో సీఫెల్ అనేవాళ్లం, ఇప్పుడు ఇఫ్లూ, అంటే ఇంగ్లీషు, విదేశీ భాషల యూనివర్సిటీ, అక్కడ ట్రైనింగుకి పంపారు. ఆ పరిచయంతో నాలుగు మాటలు.

డబ్బు సంగతి తర్వాత. ముందు వాళ్లకి ఫోన్ చేసి ఇవి అడగండి. ప్రామాణికం ఏ నిఘంటువు? మాట ఎవరు పలుకుతారు? పిల్ల మళ్లీ చెప్పమంటే చెప్తారా? అర్థం, వాక్యం, ఏ భాషనుంచి వచ్చిందో అడగనిస్తారా? తీర్పు మీద అభ్యంతరం ఉంటే ఎవరికి చెప్పాలి?

ఇవి చాదస్తం కాదు. స్క్రిప్స్‌కి మెరియమ్ వెబ్‌స్టర్ వారి పెద్ద నిఘంటువు ఒక్కటే ప్రమాణం. 1961లో అచ్చయినప్పుడే నాలుగున్నర లక్షల పైచిలుకు మాటలున్నాయి. అందులో ఉన్నదే ఒప్పు, వాదన లేదు. మన దగ్గర బడిలో నేర్పేది బ్రిటిష్ పద్ధతి, ఫోన్లో యాప్ చూపించేది అమెరికన్ పద్ధతి. 'కలర్'లో యు ఉందా లేదా? 'జ్యూయలరీ'లో ఎల్ ఒకటా రెండా? 'ట్రావెలర్'? ఏ నిఘంటువో చెప్పని పోటీలో పిల్ల ఒప్పు రాసి కూడా ఓడిపోతుంది.

ఇక పలికేవాళ్ల సంగతి. అమెరికాలో 2003 నుంచి మాటలు పలికేది జాక్ బెయిలీ అనే ఆయన. 1980లో ఆయనే ఆ పోటీ విజేత, తర్వాత గ్రీకు, లాటిన్ ప్రొఫెసర్ అయ్యారు. ఇక్కడ ఒకసారి జిల్లా స్థాయి పోటీలో 'మిస్చివస్' అనే మాటని పలికినాయన 'మిస్చీవియస్' అన్నాడు. లేని 'ఐ' ఒకటి చెవిలో పడింది, పదకొండు మంది పిల్లలు దాన్ని రాశారు. నేను లేచి అడిగితే "మాస్టారూ, అందరూ అలాగే అంటారుగా" అన్నాడు. నిజమే, అందరూ అలాగే అంటారు.

డల్లాస్_బావ | ఉదయం 6:40

మాస్టారూ, ఆ 'ఏ భాష' అన్న ప్రశ్నలోనే సగం ఆట ఉంది. 2025లో గెలిచిన ఫైజాన్ జకీ మా పక్క ఊరు ఆలెన్ పిల్లాడే, వాళ్ల అమ్మానాన్నలు మన హైదరాబాద్ నుంచి వచ్చినవాళ్లు. 2024లో ఆఖరి వరకు వచ్చి బృహత్ చేతిలో ఓడాడు. 2025 ఫైనల్లో మిగతా ఇద్దరూ తప్పు చెప్పారు, ఇంక గెలుపు చేతిలో ఉన్నట్టే. ఇచ్చిన మాట 'కొమెలైనా'. ఏమీ అడగలేదు, ఊపు మీద గబగబా మొదలుపెట్టి తడబడ్డాడు. టీవీ ముందు మేమందరం తలలు పట్టుకున్నాం. ఆ రౌండ్లో ముగ్గురూ తప్పడంతో అందరూ మళ్లీ పోటీలోకి వచ్చారు. తర్వాత ఫ్రెంచి మాట 'ఎక్లేర్‌సీస్‌మాఁ' చెప్పి గెలిచాడనుకోండి, ఆ మధ్య నిమిషాలు మాత్రం మా ఇంట్లో ఎవరూ కాఫీ ముట్టలేదు.

నల్గొండ_పోరడు | ఉదయం 7:02

కొమెలైనా అంటే ఏందని ఇప్పుడే ఫొటో చూసిన. అరె, ఇది మా చేన్ల మొలిచే యెన్నదేవి కదా! నీలం పువ్వు. పత్తి చేన్ల కలుపు తీయలేక మా అమ్మ నడుం విరిగేది దీంతోనే. ముందే తెలిస్తే పోరనికి ఫోన్ చేసి చెప్తుంటి.

తార్నాక_మాస్టారు | ఉదయం 7:30

అదే బాబూ. ఆ పేరు డచ్చి దేశపు కొమెలిన్ వంశం మీద పెట్టాడు లిన్నేయస్, మొక్కలకి శాస్త్రీయ నామాలు పెట్టిన స్వీడన్ శాస్త్రజ్ఞుడు. ఆ వంశంలో ఇద్దరు పేరున్న వృక్షశాస్త్రజ్ఞులు, మూడోవాడు ఏదీ సాధించకుండానే పోయాడు. ఆ జాతి పువ్వుల్లో రెండు రేకులు పెద్దవి, మూడోది చిన్నది, అందుకని ఆ పేరు తగిందని లిన్నేయస్ పరాచికం.

అలాంటిదే ఇంకోటి. 2021లో జైలా అవాంట్‌గార్డ్ అనే అమ్మాయి గెలిచిన మాట 'ముర్రయా'. అదేమిటో తెలుసా? కరివేపాకు శాస్త్రీయ నామం ముర్రయా కోనిగీ, ఆ ముర్రయా. మనం రోజూ తీసి పళ్లెం పక్కన పెట్టేదాని పేరు చెప్పి ఆ పిల్ల 50,000 డాలర్లు పట్టుకెళ్లింది.

'ఏ భాష' అన్నది ఎందుకు అడగాలంటే, మన చెవికి 'క' ఒకటే. ఇంగ్లీషులో ఆ 'క' ఎక్కడినుంచి వచ్చిందన్నదాన్ని బట్టి వేషం మారుస్తుంది. గ్రీకునుంచి వస్తే 'కోరస్'లో సి-హెచ్. జపాన్‌నుంచి వస్తే 'కరాటే'లో కె. ఫ్రెంచి అయితే 'యాంటీక్' చివర క్యూ-యు-ఇ. అదే సి-హెచ్ ఫ్రెంచిలో 'షెఫ్' అయి 'ష' పలుకుతుంది. 2023లో గెలిచిన మాట 'సామోఫైల్', మొదట్లో పలకని పి ఉంది. గ్రీకులో 'సామో' అంటే ఇసుక, 'ఫైల్' అంటే ఇష్టపడేది, ఇసుకలో పెరిగే మొక్క. ముక్కలు తెలిసిన పిల్లకి మాట తెలియక్కర్లేదు.

కోఠి_పుస్తకాలు | ఉదయం 9:10

మాస్టారూ, మరి తెలుగు మీడియం పిల్లలకి ఎక్కడ దెబ్బ పడుతుంది? మేం తెలుగులో విన్నది విన్నట్టే రాస్తాం కదా, స్పెల్లింగ్ అన్న గొడవే లేదు మనకి.

తార్నాక_మాస్టారు | ఉదయం 9:45

గొడవ లేదని ఎవరన్నారు? గల్లీ గల్లీకి ఫ్లెక్సీలు చూడండి. 'హార్దిక శుభాకాంక్షలు' అని ఒక్కటి సరిగా ఉంటే నాకు చూపించండి. ద బదులు థ పెట్టి 'హార్థిక' చేస్తారు, ఆర్థిక శాఖ వాళ్లు పంపిన శుభాకాంక్షల్లా. 'అర్థం'కీ 'అర్ధం'కీ తేడా లేదు, మీనింగు సగమే తెలిసినా పరవాలేదన్నమాట. 'చిహ్నం' అని రాసి 'చిన్హం' అని చదువుతాం. ణ-న, ళ-ల, శ-ష-స దగ్గర సగం ఊరు తప్పుతుంది. డిక్టేషన్ బళ్లలోంచి పోయింది, పోటీ పెడితే మనకీ గంట మోగుతూనే ఉంటుంది.

ఇక ఇంగ్లీషులో దెబ్బ ఎక్కడంటే, ద్విత్వం దగ్గర. మన చెవికి 'అమ'కీ 'అమ్మ'కీ తేడా స్పష్టం. ఇంగ్లీషులో అక్షరం రెండుసార్లు రాస్తారు, పలికేది ఒకసారే. 'అకామొడేషన్'లో సి రెండు, ఎం రెండు. చెవిలో ఒక్కోటే పడుతుంది. అమీర్‌పేట హాస్టల్ బోర్డులన్నీ దానికి సాక్ష్యం. రెండోది, ఇంగ్లీషులో నొక్కి పలకని అచ్చు అంతా ఒకే నీరసమైన శబ్దం. అది ఏ-నో ఇ-నో ఓ-నో చెవి చెప్పదు. మూడోది వి, డబ్ల్యూ, రెండూ మనకి 'వ'.

ఇంకో చిన్న సంగతి, నవ్వకండి. పేపర్ మీద ఫర్వాలేదు, నోటితో చెప్పేటప్పుడు మనం 'యస్', 'యమ్', 'యన్' అంటాం. తెలియని జడ్జి 'యన్' విని 'వై' మొదలుపెట్టిందనుకున్నా అనుకుంటాడు.

సగటు_జీవి | ఉదయం 9:52

యం.ఎల్.ఏ అని బోర్డు రాయించుకున్నవాళ్లని వదిలేసి పిల్లల మీద పడతారేంటి మాస్టారూ.

కోఠి_పుస్తకాలు | ఉదయం 10:20

నాకు ఈ గంట సంగతి చూస్తే అవధానం గుర్తొస్తోంది. అక్కడ ఘంటాగణనం ఉంటుంది, మధ్యమధ్యలో మోగిన గంటలు అవధానిగారు పద్యం చెప్తూనే లెక్కపెట్టుకోవాలి. ఇక్కడ లెక్కతో పనిలేదు, ఒక్కటి మోగితే దిగిపోవడమే. అక్కడ పృచ్ఛకులు అడుగుతారు, అవధాని చెప్తారు. ఇక్కడ చెప్పాల్సిన పిల్లే పృచ్ఛకురాలు కూడా. తాతగారి కాలంలో పిల్లలు అమరం, ఆంధ్రనామసంగ్రహం లాంటి పద్య నిఘంటువులు కంఠస్థం చేసేవాళ్లు. ఇప్పుడు గ్రీకు ధాతువులు. ఏదో ఒకటి నోట్లో తిరుగుతూ ఉంటే మంచిదే.

మలక్‌పేట అక్కా, ఆ కిట్ మాత్రం కొనకండి. స్క్రిప్స్ వాళ్లు ఏటా 4,000 మాటల జాబితా వాళ్ల సైట్లో ఊరికే పెడతారు. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత డిక్షనరీలు తూకానికి దొరికినట్టు దొరుకుతాయి. కోఠిలో ఇంకొంచెం శుభ్రమైనవి ఉంటాయి, బేరమాడాలి. కూర్చుని చదవడానికి చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయం. గ్రూప్స్‌కి చదివేవాళ్లతో కిటకిటలాడుతుంది, పొద్దున్నే వెళ్తేనే కుర్చీ.

డల్లాస్_బావ | ఉదయం 10:45

పాపకి ఒక తీపి కబురు చెప్పండి. ఇంగ్లీషు నిఘంటువులో మన మాటలు కూడా ఉన్నాయి. 'బ్యాండికూట్' అంటే మన పందికొక్కే. తెలుగునుంచి వెళ్లి, అక్కడినుంచి ఆస్ట్రేలియాలో ఒక వేరే జంతువుకి అంటుకుని, ఆఖరికి వీడియో గేములో హీరో అయింది. 'పిట్టా' అని ఒక పక్షి జాతి ఉంది, అది మన పిట్టే. మావాడికి ఒకసారి ప్రాంతీయ పోటీలో బ్యాండికూట్ వచ్చింది. "భాష ఏది?" అని అడిగాడు. "తెలుగు" అన్నారు. వీడు వెనక్కి తిరిగి నా వంక చూశాడు. ఆ చూపు చాలు నాకు, ఆ రోజు నాలుగో రౌండ్లో వెళ్లిపోయినా.

మలక్‌పేట_అమ్మ | సోమవారం రాత్రి 9:30

అందరికీ జవాబు ఇవ్వడం ఆలస్యమైంది, క్షమించండి.

మాస్టారుగారు చెప్పిన ప్రశ్నలన్నీ కాగితం మీద రాసుకుని ఫోన్ చేశాను. ఏ నిఘంటువు అంటే "స్టాండర్డ్ ఇంగ్లీష్ మేడమ్" అన్నారు. ఎవరు పలుకుతారు అంటే "ఎక్స్‌పర్ట్స్". ఫైనల్లో ఎంతమంది అంటే "చాలామంది వస్తున్నారు, త్వరగా కన్ఫర్మ్ చేయండి". రాలేకపోతే డబ్బు వాపసు ఇస్తారా అన్నదానికి మాత్రం ఠక్కున స్పష్టంగా చెప్పారు, ఇవ్వరట.

కట్టలేదు. మా ఆయన ముందు మూతి ముడిచినా ఫోన్ స్పీకర్లో విన్నాక ఏం అనలేదు. పాప రెండు రోజులు నాతో మాట్లాడలేదు. సర్దిన బట్టలు తీయలేదు కూడా. దాని క్లాస్‌మేట్ వెళ్తోంది, అదీ బాధ. మీరందరూ కరెక్టే, కానీ పన్నెండేళ్ల పిల్లకి 'నేషనల్' అన్న మాట ఎంత పెద్దదో నేను కళ్లారా చూశాను. దానికి డిక్షనరీ ఏదైతే ఏం.

నల్గొండ_పోరడు | రాత్రి 9:41

నేనే పంపమన్న అక్కా, సారీ. పాపను జర నవ్వియ్యి.

మలక్‌పేట_అమ్మ | మూడు వారాల తర్వాత, ఆదివారం సాయంత్రం 7:15

ఈ చర్చ ఇంకా తెరిచే ఉంది కాబట్టి చెప్తున్నాను. ఆ క్లాస్‌మేట్ వెళ్లొచ్చింది. హోటల్ హాల్లో మళ్లీ గుండ్రాలు చుట్టే పేపరే. వచ్చిన ప్రతి పిల్లకీ మెడల్. వాళ్ల అమ్మ "పోనీలెండి, రైల్లో నలుగురు పిల్లలతో స్నేహమైంది, బాగా ఆడుకుంది" అంది. ఆ పిల్ల సంతోషంగానే ఉంది. మెడల్ వేసుకుని స్కూలుకి కూడా వెళ్లింది.

మాది మా అపార్ట్‌మెంట్ మేడ మీద పోటీ పెట్టింది. పద్నాలుగు మంది పిల్లలు. గంట అంటే స్టీలు కంచం మీద గరిటె. పలికేది మూడో ఫ్లోర్ ఆంటీ, ఆవిడ లైబ్రేరియన్‌గా చేసి రిటైరయ్యారు. ప్రమాణం ఆబిడ్స్‌లో 120కి కొన్న డిక్షనరీ, అట్ట లేదు, 'ఎక్స్' తర్వాత పేజీలు కూడా లేవు. అందుకని వై, జెడ్ మాటలు అడగకూడదని మొదటి రూలు. మాస్టారుగారి ప్రశ్నలన్నీ గోడకి అంటించారు.

మాది మూడో రౌండ్లోనే పోయింది. మాట 'రెస్టారటర్'. ఆంటీ సరిగ్గానే పలికారు, ఇదే మధ్యలో ఎన్ పెట్టింది, రెస్టారెంట్‌లో ఉంది కదా అని. కంచం మోగింది. ఐదు నిమిషాలు డిక్షనరీలో వేలు పెట్టి వెతికి, లేదని చూసి, "ఎన్ ఎందుకు తీసేశారు?" అని ఆంటీతో పోట్లాట. గెలిచింది కింద వాచ్‌మన్ గారి అబ్బాయి, ఎనిమిదో తరగతి, గవర్నమెంట్ స్కూల్. ప్రతి మాటకీ "భాష ఏది" అని అడిగాడు, 'బస్సు'కి కూడా. లాటిన్ అని తెలిసి అక్కడున్న పెద్దవాళ్లం నోళ్లు తెరిచాం. 'ఆమ్నిబస్'లోంచి తోక ఒక్కటే మిగిలిందట.

మాస్టారూ, ఎన్ ఎందుకు లేదు? ఇది నన్ను నిద్రపోనివ్వడం లేదు.

తార్నాక_మాస్టారు | సాయంత్రం 7:40

తీసేయలేదమ్మా, ఆ మాటలో అసలే లేదు. రెండూ ఫ్రెంచినుంచే వచ్చాయి. ఒకే క్రియకి రెండు వేరే ప్రత్యయాలు. 'రెస్టారెంట్' అంటే సేద తీర్చేది, 'రెస్టారటర్' అంటే సేద తీర్చేవాడు. మనం 'వంట', 'వండేవాడు' అంటాం, వండేవాడిలో 'ట' ఏదీ అని అడుగుతామా? పాపకి ఇలా చెప్పండి. ఆ వాచ్‌మన్ గారి అబ్బాయికి వై, జెడ్ పేజీలు నేనిస్తాను. నా దగ్గర పాత డిక్షనరీ ఒకటుంది, దానికి 'ఎ'లు లేవు.

కోఠి_పుస్తకాలు | రాత్రి 8:05

మాస్టారూ, రెండూ ఇటు పంపండి, కలిపి బైండింగ్ చేయించి ఇస్తాను. పై ఆదివారం ఆబిడ్స్‌లో ఉంటాను, పదిలోపు రండి. ఆ తర్వాత ఎండ, జనం.

మలక్‌పేట_అమ్మ | రాత్రి 8:20

వస్తాం. పాప కూడా వస్తానంటోంది. బేరం అదే ఆడుతుందట.